చూస్తే ఆగిపోయే తెర

పెద్దకొడుకు పాలిష్ మోటారు తీగ పీకి చేతికి చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

"మూడోసారి," అన్నాడు. "పొద్దుట్నుంచి ఇది మూడోసారి. రాసుకుంటున్నావు కదా, రాసుకో."

"రాశాను బావగారూ," అంది చిన్నకోడలు. కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. తల తిప్పలేదు. "తొమ్మిదిన్నరకి ఒకసారి, పదిన్నరకి ఒకసారి, ఇప్పుడొకసారి. మూడుసార్లూ తెర మూసింది మీరే."

"బిగుసుకుపోతే మూయక ఏం చెయ్యమంటావు? బతిమాలమంటావా?"

"కాసేపు ఆగమన్నాను."

"చేతిలో మైనం కారిపోతుంటే ఆగాలా నేను?"

ఫోను మోగింది. చిన్నకోడలు ఎత్తింది. దంతాల డాక్టరమ్మ గొంతు గదంతా వినబడింది.

"ఏమ్మా, మీ పేజీ మళ్ళీ పోయింది. కుర్చీలో మనిషి నోరు తెరుచుకుని కూర్చున్నాడు. వాడి క్యాప్ తయారైందో లేదో నేనెవర్ని అడగాలి?"

"ఇప్పుడే వచ్చేస్తుంది డాక్టర్ గారూ. మళ్ళీ ఒకసారి తెరవండి."

"తెరుస్తాను. రేపు మాత్రం తెరవను," అని ఆవిడ పెట్టేసింది.

గోడ వారగా స్టూలు మీద కూర్చున్న పెద్దాయన ఇద్దరినీ చూశాడు. ఏమీ అనలేదు. అనకపోవడం ఆయనకి ఇవాళ కొత్త కాదు.

ఆ ఇంట్లో ముందు రెండు గదులూ పని గదులే. డాక్టర్లు మనుషుల నోటి కొలతలు పంపిస్తారు. వాటిని బట్టి ఇక్కడ పళ్లు తయారవుతాయి. ఒక్కో నోటికి ఒక్కో డబ్బా, డబ్బాకో నంబరు. అచ్చు పోయడం, మైనంతో పన్ను చెక్కడం, లోహం పోత, పాలిష్, అన్నీ పెద్దకొడుకు చేతి మీదే. చిన్నకొడుకు డబ్బాలు పట్టుకుని రోజంతా డాక్టర్ల చుట్టూ తిరుగుతాడు.

నెల కిందట చిన్నకోడలు ఒక ప్రోగ్రాం రాసింది. పని బల్ల మీద తెర పెట్టింది. డబ్బా ఒక మెట్టు దాటగానే పెద్దకొడుకు తెర మీద బటన్ నొక్కాలి, ఒక ఫొటో తియ్యాలి. అంతే. అచ్చులో ఉంటే తెలుపు, మైనంలో ఉంటే పసుపు, పోత అయితే నీలం, పాలిష్ అయితే ఆకుపచ్చ. అదే ప్రోగ్రాం ఆ రంగుల్నీ ఫొటోల్నీ డాక్టర్ల ఫోన్లకి పేజీగా చూపిస్తుంది. అలా చూపించే భాగాన్ని ఆమె సర్వర్ అంటుంది. బల్ల మీది తెరా అదే, బయటి సర్వరూ అదే. తెర మూస్తే పేజీ కూడా పోతుంది.

వారం రోజులుగా తెర బిగుసుకుపోతోంది. పెద్దకొడుకు మూసేస్తున్నాడు. డాక్టర్లు ఫోన్ చేస్తున్నారు. పనికిరాదని చూపించడానికే కావాలని మూస్తున్నారని చిన్నకోడలి అనుమానం. తనని బల్ల దగ్గర్నుంచి లేపడానికే ఇదంతా పెట్టిందని పెద్దకొడుకు అనుమానం.

"నాన్నా," అన్నాడు పెద్దకొడుకు. తీగ చుట్టడం అయింది. "నిన్న చెప్పిందే. ఎదురు వీధిలో గది చూసుకున్నాను. మూడింటికి వ్యాను వస్తుంది. నా బల్ల నేను తీసుకెళ్తాను. తమ్ముడూ, మరదలూ, ఈ పెట్టే కలిసి పళ్లు చేసుకోమనండి."

గోడ గడియారంలో పన్నెండు దాటింది.

వంటింట్లోంచి తల్లి గరిటెతో సహా వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఊళ్లో వాళ్లందరికీ పళ్లు పెడతారు. ఇంట్లో ఒకరి మీద ఒకరు పళ్లు నూరుకుంటారు. ఏమండీ, మీరైనా నోరు విప్పరేం? నోట్లో అచ్చుగానీ పోసుకున్నారా?"

పెద్దాయన కండువాతో మొహం తుడుచుకున్నాడు.

ఆయనకి అర్థం కానిది ఒకటే. పెద్దవాడు అబద్ధమాడడు. మాట పెళుసు గానీ మనిషి పెళుసు కాదు. చిన్నకోడలూ అబద్ధమాడదు. తప్పు చేస్తే చేశానని ముందే చెప్పేసే రకం. ఇద్దరూ నిజమే చెబుతుంటే మధ్యలో ఈ అబద్ధం ఎక్కణ్ణుంచి వచ్చి కూర్చుంది?

"నా ఎదురుగా ఒక్కసారి కూడా ఆగట్లేదు మామయ్యా," అంది చిన్నకోడలు. ఇప్పుడు తల తిప్పింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "పొద్దున్నే కూర్చుని యాభైసార్లు నొక్కాను. ఒక్కసారి ఆగలేదు. బావగారు కూర్చుంటేనే ఆగుతుంది. నేనేమనుకోవాలి?"

"నా మొహం చూసి జడుసుకుంటోందనుకో," అన్నాడు పెద్దకొడుకు.

"ఒక్కసారి నా ముందు చెయ్యండి. మీరెలా చేస్తారో అలాగే."

"చెయ్యను. నేనేం పరీక్షకి కూర్చున్నానా?"

"కూర్చోరా," అన్నాడు పెద్దాయన.

పొద్దుట్నుంచి ఆయన అన్న మొదటి మాట అది. పెద్దకొడుకు తండ్రి వైపు చూసి, మోటారు కింద పెట్టి, బల్ల దగ్గర కూర్చున్నాడు.

ఒక డబ్బా తీశాడు, బటన్ నొక్కాడు, ఫొటో తీశాడు. పసుపు నీలమైంది. రెండో డబ్బా. మూడో డబ్బా. నాలుగు. తెర నీళ్లలో చేపలా కదిలింది.

పెద్దకొడుకు మెడ ఎర్రబడింది. నిజం చెప్పినవాడు అందరి ముందూ అబద్ధాలకోరులా కూర్చుని ఉన్నాడు.

"చాలా? తనివి తీరిందా?" అని లేవబోయాడు.

"ఇంకో రెండు చూద్దాం బావగారూ," అంది చిన్నకోడలు. మాట మెత్తగానే అంది. మెత్తగా అనడమే అతనికి ఎక్కువ గుచ్చుకుంది.

పెద్దాయనకి అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. లేచి వెనక వసారాలోకి వెళ్లాడు.

ఆర్నెల్ల కిందట ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. ఒకరోజు పాలిష్ చేస్తుంటే పన్ను చేజారి ఎగిరి గోడకి కొట్టుకుంది. పెద్దకొడుకు ఏమీ అనకుండా మోటారు తీసి తన బల్ల మీద పెట్టుకున్నాడు. అంతే. నలభై ఏళ్ల పని ఆ ఒక్క నిమిషంలో ఆ బల్ల నుంచి ఈ బల్లకి జరిగిపోయింది. తర్వాత చిన్నకోడలు మొగుడి పాత ఫోను తెచ్చి ఆయన చేతికిచ్చి, పేజీ ఎలా చూడాలో నేర్పింది. బొటనవేలితో కిందికి లాగితే కొత్త రంగులు వస్తాయి. వణికే చేతికి కూడా చేతనయ్యే పని అది.

ఇప్పుడూ అదే చేశాడు. వసారాలో కుర్చీలో కూర్చుని ఫోను తీసి, వేలితో కిందికి లాగాడు.

లోపల్నుంచి పెద్దకొడుకు గొంతు వినబడింది. "అదిగో. ఆగింది. చూడు, ఇప్పుడు చూడు."

పెద్దాయన లేచి వెళ్లాడు. ఆయన వెళ్లేసరికి తెర మామూలుగానే ఉంది.

"ఆగింది," అంది చిన్నకోడలు. మొహం పాలిపోయింది. "నిజమే. ఆగింది. నేను చూశాను."

"ఇంతసేపూ నేనేమైనా కథలు చెప్పానా మరి?"

పెద్దాయన మళ్ళీ వసారాలోకి వెళ్లాడు. కుర్చీలో కూర్చుని మళ్ళీ లాగాడు.

"మళ్ళీ," అన్నాడు పెద్దకొడుకు.

పెద్దాయన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఫోను వైపు చూశాడు, గుమ్మం వైపు చూశాడు. ఇది ఇక్కడుంది, అది అక్కడుంది. మధ్యలో రెండు గోడలు. తను చేసింది చూడటమే. ముట్టుకోలేదు, మార్చలేదు. చూస్తే ఆగిపోవడం ఏమిటి?

లేచి తలుపు పక్కకి వచ్చి నిలబడ్డాడు. అక్కణ్ణుంచి బల్ల మీది తెర కనబడుతుంది. ఫోను కండువా చాటున పెట్టుకుని వేలితో లాగాడు.

తెర మీద గుండ్రంగా ఏదో తిరిగింది. పెద్దకొడుకు వేలు బటన్ మీద టకటకా కొట్టింది. బటన్ కదల్లేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు సెకన్లు. అప్పుడు కదిలింది. అతను నొక్కినవన్నీ ఒక్కసారిగా పట్టుకుని డబ్బాని రెండు మెట్లు దాటించేసింది.

పెద్దాయన ఫోను జేబులో వేసుకున్నాడు.

రెండేళ్ల కిందటి సంగతి ఆయనకి గుర్తొచ్చింది. పెద్దవాడు చేసిన ముందు పళ్ల బ్రిడ్జి డాక్టరమ్మ చేతికిస్తుంటే, ఆవిడ చూస్తుండగానే తను తీసుకుని ఆకురాయితో రెండుసార్లు గీశాడు. అవసరం ఉందో లేదో కూడా గుర్తులేదు. చెయ్యి ఊరుకోక గీశాడు. ఆ రోజు నుంచి పెద్దవాడు పని చేస్తుంటే ఎవరైనా వెనక నిలబడితే చాలు, చేతిలోది కింద పెట్టేస్తాడు. "నా పని నాన్నకి నమ్మకం లేదు," అని తల్లితో అన్నాడట. తండ్రితో అనలేదు.

ఇప్పుడు వెళ్లి ఆ ఫోను చూపిస్తే?

"తప్పు నాదే బావగారూ," అంది చిన్నకోడలు లోపల.

ఆమె తెర వైపు చూస్తూ నెమ్మదిగా చెప్పుకుపోయింది. చెప్పేది అతనికా, తనకా తెలియకుండా. "ఆగిన టైములు చూశాను, ఎవరో పేజీ తెరిచినప్పుడల్లా తెర ఆగుతోంది. అన్ని డబ్బాల ఫొటోలూ సర్ది పంపించాలి కదా, ఆ పని అయ్యేదాకా మీ బటన్ని పట్టించుకునే నాథుడు లేడు. రెండు పనులూ ఒకడికే అప్పగించాను నేను. డబ్బాలు తక్కువున్నప్పుడు తెలియలేదు. పొద్దున్నే కూర్చుంటే ఎవరూ పేజీ చూడరు, అందుకని నాకు ఆగలేదు."

"అర్థమయ్యేలా చెప్పు."

"మైనం కరిగించేటప్పుడు మీరు ఫోనెత్తుతారా?"

"ఎత్తను. మైనం మీద చెయ్యి పెట్టినవాడు ఫోనెత్తకూడదు. నాన్న పెట్టిన రూలే."

"నేను ఎత్తమన్నాను. మైనం వాడే ఫోనెత్తాలి, ఫోను వాడే మైనం చూడాలి. అందుకే మైనం కారిపోతోంది, ఫోను కట్టయిపోతోంది. సర్వర్ని పక్కన వేరే కూర్చోబెట్టాలి. తెర పని తెరది, దాని పని దానిది. ఇద్దరూ రాసేది మాత్రం ఒకే పుస్తకం. ఒకరు రాస్తుంటే రెండోవాళ్లు ఆగాలి, అంతే."

పెద్దకొడుకు ఆమె వైపు తిరిగాడు.

"అయితే నేను కావాలని మూయలేదు."

"మూయలేదు."

"ఆ ముక్క మీ అత్తగారికి వినబడేలా అను."

"అత్తయ్యా, బావగారు కావాలని మూయలేదు. తప్పు నాది."

"విన్నాను," అంది తల్లి వంటింట్లోంచి. "ఇంతోటి దానికి వ్యాను పిలిచాడా వాడు?"

పెద్దకొడుక్కి నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు.

చిన్నకోడలు రెండున్నర గంటలు కదలకుండా కూర్చుంది. భోజనం పళ్లెం పక్కనే చల్లారిపోయింది. రెండుముప్పావుకి లేచి, అత్తగారి చేతికి తన ఫోనిచ్చి పేజీ తెరుస్తూనే ఉండమంది. పెద్దకొడుకు బటన్ నొక్కాడు. తెర కదిలింది. అత్తగారి ఫోన్లో పేజీ వచ్చింది. మళ్ళీ నొక్కాడు, ఆవిడ మళ్ళీ తెరిచింది. ఒకరి వల్ల ఒకరు ఆగలేదు.

"బాగానే ఉంది," అన్నాడు పెద్దకొడుకు. అతని నోట అది పెద్ద మాట.

గోడ వారగా మళ్ళీ స్టూలు మీద కూర్చున్న పెద్దాయన గుండె కాస్త కుదుటపడింది. ఇక చెప్పక్కర్లేదేమో. తెర కదులుతోంది. వ్యాను వస్తే తిప్పి పంపేస్తారు. ఎవరు చూశారన్నది ఎవరికి కావాలి?

"అయినా డాక్టర్లకి వేరే పనుండదా?" అన్నాడు పెద్దకొడుకు. "పొద్దస్తమానం ఇదే చూస్తారా?"

"చూద్దాం ఉండండి. ఇవాళ ఎవరు ఎన్నిసార్లు తెరిచారో లిస్టు ఉంటుంది," అంది చిన్నకోడలు. ఉత్సాహంలో ఉంది, ముందువెనకలు చూసుకోలేదు. ఏదో నొక్కింది. తెర నిండా వరసలు పడ్డాయి.

పెద్దకొడుకు వంగి చూశాడు. "ఇదేంటి? డాక్టర్లందరూ కలిపి ముప్పై నాలుగు. ఈ ఒక్క ఫోనే రెండొందల పదకొండు. ఎవరిదిది?"

చిన్నకోడలు తెర దగ్గరికి జరిగింది.

"పక్కన ఏముంది? ఇంటి వైఫై. అంటే ఈ ఇంట్లోంచే."

"ఏదో పొరపాటు..."

"పొద్దుట్నుంచి రెండొందల పదకొండుసార్లు నా బల్ల మీద కన్నేసి కూర్చున్నదెవరు? తమ్ముడా?"

"ఆయన పొద్దున్నే డబ్బాలు పట్టుకుని వెళ్లారు కదా బావగారూ. ఇంటి వైఫై వీధి చివరిదాకా రాదు."

"మరి నువ్వా?"

ఆమె తెర మీది వరస చూస్తోంది. ఫోను ఏ రకందో కూడా ఆ వరసలో ఉంది. మొగుడి పాత ఫోను. తనే తుడిచి, కొత్త అట్ట తొడిగి, మామయ్య చేతికిచ్చిన ఫోను.

ఆమె తలెత్తింది. గదిలో అందర్నీ దాటుకుని ఆ చూపు వచ్చి పెద్దాయన మీద ఆగింది. ఒక్క క్షణమే. మళ్ళీ దించేసింది.

"నేనే," అంది.

"ఏంటి?"

"నేనే చూశాను బావగారూ. పనిచేస్తోందో లేదో అని."

"కంప్యూటర్ ముందే కూర్చుని, ఫోన్లో రెండొందలసార్లు."

"అవును."

తల్లి చేతిలో ఫోను కింద పెట్టింది. "ఏమ్మా, వాడి పని వాడిని చేసుకోనివ్వకుండా నీకెందుకే ఈ కాపలా? తప్పు నాదే అన్నావు, పోనీలే అనుకున్నాం. అసలు సంగతి ఇదా?"

పెద్దకొడుకు లేచి నిలబడ్డాడు. కోపం కూడా లేదు మొహంలో. అది చూస్తేనే పెద్దాయనకి భయమేసింది.

"మెషీన్ తప్పంటే సర్దుకుంటాను," అన్నాడు. "మనిషి కాపలా కాస్తే ఉండలేను. ఒకసారి పడ్డాను నాన్నా, చాలు. మళ్ళీ పడలేను."

వీధిలో హారన్ మోగింది.

పెద్దకొడుకు మైనం దీపం తీసి పెట్టెలో పెట్టాడు. చెక్కుడు పుల్లలు గుడ్డలో చుట్టాడు. ఒక్కోటి పెట్టెలో పడ్డ చప్పుడు విడివిడిగా వినబడుతోంది. చిన్నకోడలు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

పెద్దాయన చూశాడు. నిజం చెప్పినవాడు పొద్దున అబద్ధాలకోరయ్యాడు. ఇప్పుడు అబద్ధం చెప్పిన పిల్ల మాట నిజమని అందరూ నమ్ముతున్నారు. అంతా తన బొటనవేలు చేసిన పని. చెబితే పెద్దవాడి గుండెలో ఉన్న పాత ముల్లు ఇంకా లోతుకి దిగుతుంది. చెప్పకపోతే ఈ పిల్ల రేపట్నుంచి ఈ ఇంట్లో తలెత్తుకోలేదు. చెప్పినా వ్యాను వెళ్తుందేమో, చెప్పకపోయినా వెళ్తుందేమో. ఏ వైపు నుంచి పట్టుకోవాలో ఆయనకి తెలియలేదు.

జేబులోంచి ఫోను తీశాడు. తీసుకెళ్లి బల్ల మీద, పెద్దకొడుకు చేతి దగ్గర పెట్టాడు.

"ఇదిరా," అన్నాడు.

పెద్దకొడుకు ఫోను వైపు చూశాడు. అట్ట చూశాడు. చిన్నకోడలి వైపు చూశాడు. ఆమె తలుపు వైపు చూస్తోంది.

"మీరా?"

పెద్దాయన తలూపాడు.

"దేనికి?"

పెద్దాయన పెదాలు కదిలాయి. స్టూలు మీద కూర్చుంటే పొద్దు గడవదని చెప్పాలి. పసుపు నీలమైతే ఇప్పుడు పోత దించి ఉంటాడని అనుకుంటానని చెప్పాలి. నీలం మీద ఎక్కువసేపు ఉంటే కుర్చీలో కూర్చునే మెడ ముందుకి చాచి, ఆ ఆకుపచ్చ వచ్చేదాకా ఊపిరి బిగబట్టుకుంటానని చెప్పాలి. అదంతా ఒకేసారి గొంతు దాకా వచ్చి, ఒకదానికొకటి అడ్డంపడి అక్కడే ఆగిపోయింది.

"తప్పులు వెతకడానికి కాదురా," అన్నాడు చివరికి.

పెద్దకొడుకు పెట్టె మూత మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. అడిగేటప్పుడు నలభై దాటినవాడిలా లేడు.

"రెండొందల పదకొండుసార్లు చూశారు కదా నాన్నా. ఒక్కసారైనా బాగుందనిపించిందా?"

అనిపించింది. దాదాపు ప్రతిసారీ అనిపించింది. నలభై ఏళ్లలో ఆ మాట ఎవరితోనూ అని ఎరగడు. ఎలా మొదలుపెట్టాలో కూడా తెలియదు.

వీధి గుమ్మంలోంచి వ్యాను డ్రైవరు లోపలికి తొంగి చూశాడు.

"బల్ల ఎక్కించమంటారా సార్?"

పెద్దకొడుకు డ్రైవరు వైపు తిరగలేదు. తండ్రి నోటి వంకే చూస్తూ నిలబడ్డాడు.